సార్ సన్మానానికి మా మోకాళ్లు

మా సార్ రిటైరైతుండని, మా యూనివర్సిటీ కాలేజీల సన్మానం చేస్తున్నరని ఫోన్‌ల చూసిన. పాత ప్లేయర్లందరు రావాలని రాసి ఉండె. నన్ను ప్రత్యేకంగ ఎవ్వరు పిలవలే. అయినా పోవాలని అప్పుడే అనుకున్న. పొద్దున లేవంగనే ఇద్దరు ఆడోళ్లకు ఫోన్ చేసి, "పోదామా?" అన్న. ఎందుకని వాళ్లు అడగలే.

సార్ అంటే మాకు హ్యాండ్‌బాల్ నేర్పినాయన. ఉన్నది ఒక్కటే గ్రౌండ్. పొద్దటి పూట, సాయంత్రం పూట సల్లగ ఉన్నప్పుడు మొగపిల్లలది. మాకు మధ్యాహ్నం ఇచ్చిండు. నేల కాలి పెంకు లెక్క ఉంటుండె. వాళ్లకు ఎట్ల ఎగరాలె, ఎట్ల దిగాలె, ఆటకు ముందు కండరాలు ఎట్ల సాగదీయాలె అని పక్కన నిలవడి చూపిస్తుండె. మాకు మాత్రం, "గ్రౌండ్ సుట్టు ఉరికి రాండ్రి, సాలు" అని కుర్చీల కూసుంటుండె.

రెండో ఏడు ఎండాకాలం ప్రాక్టీసుల గోల్ ముంగట ఎగిరి బాల్ కొట్టి ఎడమకాలు మీద దిగిన. ఎవ్వరు నన్ను తాకలే, నెట్టలే. మోకాలు దానంతట అదే లోపలికి మడతపడ్డది. టప్పుమని సప్పుడొచ్చింది. పక్కనున్న పిల్లకు గూడ ఇనవడ్డదట.

సార్ వచ్చి నిలవడే చూసిండు, వంగలే.

"ఆడపిల్లల మోకాళ్లు గింతే. మొగోళ్లకు తొడలు పట్టుకుంటయి, మీకు మోకాళ్లు పోతయి. దేవుడే గట్ల చేసిండు, నన్నేం జేయమంటవ్?"

అదే వారంల ఒక అబ్బాయికి ఉరుకుతుంటే తొడ వెనక కండరం పట్టేసింది. సార్ అతన్ని తన కార్ల కూసోబెట్టుకుని పటాన్‌చెరు ఆస్పత్రికి తీస్కపోయిండు. రోజూ ఫిజియోథెరపీ చేపిచ్చిండు. నేను ఆటోల పోయిన. దోస్తు నా కాలు ఒళ్లో పెట్టుకున్నది. గుంత వచ్చినప్పుడల్లా నాకన్న ముందు అదే మొత్తుకున్నది.

మా నాయిన కాజీపల్లిల మందుల కంపెనీల బాయిలర్ కాడ పని చేస్తుండె. షిఫ్టు దిగి ఆ యూనిఫాం మీదనే సార్‌ను కలవనీకె వచ్చిండు. నేను గోడకు ఆనుకుని నిలవడ్డ.

"ఆపరేషన్ అయితే మల్ల ఆడుతదా సార్?" అని అడిగిండు.

"ఎందుకు పరేషాన్ అయితరు? ఇగ ఆట బందు పెట్టియ్యుండ్రి. వంటింట్ల తిరగనీకె ఈ మోకాలు సాలు" అని సార్ నవ్విండు.

నాయిన చేతులు రెండు జోడించి, "సరే సార్, మీ దయ" అన్నడు. ఏం దయ? మోకాలి నొప్పి కొన్నాళ్లకు తగ్గింది. ఆ జోడించిన చేతులు మాత్రం నా కండ్లల్ల నుంచి పోలే.

ఆపరేషన్ తర్వాత నాకు నడక నేర్పిన ఫిజియో మేడంది ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ల నాన్న ఇక్కడి ఫ్యాక్టరీల ఉద్యోగానికొచ్చి ఇక్కడనే ఉండిపోయిండట. ఒకరోజు ఆమె నన్ను అద్దం ముంగట నిలవెట్టి, చిన్న పీట మీది నుంచి మంచి కాలు మీద దిగమన్నది.

"చూశావా, మోకాలు లోపలికి వాలిపోతోంది. చాలామంది ఆడపిల్లలకి ఇలాగే అవుతుంది. ఎలా దిగాలో నీకెవరూ నేర్పలేదా?"

"ఆడోళ్ల కాళ్లు గింతే అన్నరు మేడం."

"తేడా ఉందమ్మా, కాదనను. మగపిల్లలకి తొడ వెనక దెబ్బలెక్కువ, మీకు మోకాలు ఎక్కువ. తేడా ఉందని తెలిశాక ఇంకా జాగ్రత్తగా నేర్పాలి గానీ వదిలేస్తారా? మోకాలు పాదానికి సూటిగా ఉంచి, వంచి, మెత్తగా దిగడం నేర్చుకుంటే చాలావరకు కాచుకోవచ్చు."

అప్పటిదాక నా కోపం దేవుని మీద ఉండె. ఆ దినం సార్ మీదికి మళ్లింది. మా మోకాళ్లు పోతయని ఆయనకు ముందే తెలుసు. తెలిసే ఆ ఎండల, ఆ గట్టి నేల మీద మమ్మల్ని ఎగరమన్నడు.

నేను ఫిజియోథెరపీనే చదివిన. సదువు మీద ప్రేమతోని కాదు, పగతోని. పటాన్‌చెరుల ఒక క్లినిక్‌ల చేరిన. అక్కడికే ఒకామె మోకాలు వాసిందని వచ్చింది. మాకు సీనియర్, మా టీం గోల్‌కీపర్. ఇప్పుడు మందుల కంపెనీల ప్యాకింగ్ కాడ షిఫ్టంత నిలవడే పని. "వంటింటికి ఈ మోకాలు సాలని మీ నాయినకు గూడ చెప్పిండా?" అని అడిగింది. నేను పట్టీ చుట్టుడు ఆపిన. సంగారెడ్డి రోడ్డు మీద టిఫిన్ సెంటర్ నడిపే, మోకాలు పోయిన ఇంకో ప్లేయర్ గురించి ఆమెనే చెప్పింది. ఆ ఇద్దరికే నేను ఫోన్ చేసింది.

సన్మానం దినం ముగ్గురం ముందు వరుసల కూసున్నం. శాలువలు కప్పిండ్రు. తొడ పట్టేసిన ఆ అబ్బాయి, ఇప్పుడు పెద్ద ఉద్యోగం, మైకు పట్టుకుని, "సార్ నన్ను సొంత కార్ల ఆస్పత్రికి తీస్కపోయిండు, తండ్రి లెక్క చూసుకున్నడు" అని కండ్లు తుడుసుకున్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను లేచి స్టేజీ ఎక్కిన.

"సార్, అదే వారం నా మోకాలు పోయింది. యాదికున్నదా?"

సార్ నవ్వుకుంట, "ఎవరమ్మా నువ్వు?" అన్నడు.

నేను ఎవ్వరో గూడ ఆయనకు తెల్వదు. ఇన్నేండ్లు నేను మనసుల మోసిన మనిషికి నా మొఖం గూడ యాదికి లేదు. సల్వార్ మోకాలి పైకి మడిచి కోత గీత చూపెట్టిన. మా నాయినతోని ఆయన అన్న మాట అన్నట్టే చెప్పిన. ముందు వరుసల నుంచి ప్యాకింగ్ ఆమె లేచి, "నాకు గూడ గదే అన్నడు" అని తన మోకాలు చూపెట్టింది. టిఫిన్ సెంటర్ ఆమె గూడ మోకాలి పైకి బట్ట మడిచి నిలవడ్డది.

అప్పుడు ఎనుక వరుసల నుంచి ఒక పిల్ల లేచింది. నాకు తెలిసిన పిల్ల కాదు. ఇప్పటి టీం ప్లేయర్, మోకాలికి బెల్టు ఉన్నది. "మొన్ననే పోయింది మేడం. సార్ ఇంటికి పొమ్మన్నడు" అన్నది.

సార్ మొఖం మాడిపోయింది. నేను తృప్తిగ చూసిన. ఇంకా జెరసేపు చూడాలనిపించింది.

రిటైరైనంక సార్‌ను ఆటల సలహాదారుగ ఉంచుకుందామనుకున్నరట. అది ఆగిపోయింది. సభల కూసున్న ప్రిన్సిపాల్ మేడం మరుసటి వారం నన్ను పిలిచి, "అమ్మాయిలకు మీరే నేర్పండి" అన్నది. "పొద్దటి గ్రౌండ్ ఇస్తే వస్త" అన్న. ఇచ్చింది. మొగపిల్లలు కొన్నాళ్లు మూతి ముడుచుకున్నరు. వాళ్లను గూడ పిలిచి తొడలకు కసరత్తులు చూపెట్టిన. వాళ్ల మీద నాకేం పగ లేదు. బెల్టు పిల్లకు ముందు పీట మీది నుంచి దిగుడు నేర్పిన, తర్వాత ఎగురుడు. ఇప్పుడు ఆడుతున్నది.

మొన్న కూరగాయల అంగట్ల సార్ ఎదురువడ్డడు. ఒక్కడే ఉన్నడు, మనిషి తగ్గిండు.

"అప్పట్ల మాకు గూడ ఎవ్వరు నేర్పలేదమ్మా. తెల్వక అన్న" అన్నడు.

"మొగపిల్లలకు నేర్పనీకె తెలిసింది గద సార్."

"క్షమించమ్మా" అనుకుంట రెండు చేతులు జోడించబోయిండు. ఆ చేతులు కలవకముందే నేను మొఖం తిప్పుకుని, టమాటాల ఆమెను కిలో ఎంత అని అడిగిన.