గోల్ఫు పచ్చికలో నా మడమ సొట్ట

మొన్న మధ్యాహ్నం బాన్సువాడలో మా కోడలు టీవీ పెట్టి, అత్తమ్మా, నువ్వు పనిజేసిన గోల్ఫు మైదానమంట, జర సూడు అని పిలిచింది గానీ, ఆ పచ్చిక కనబడగానే నా చేతిలోని చాట ఒరిగి బియ్యం సగం నేలపాలయ్యాయి. ఏటేటా జరిగే ఆ పోటీ చరిత్ర చెబుతున్నారు. మొదటి ఏడు ఒక్క షామియానా, చుట్టూ ఒక తాడు, అంతే. ఇప్పుడెన్ని కెమెరాలో, ఎంత జనమో! ఆ మొదటి ఏడు నేనక్కడే ఉన్నాను. ఉండి ఏం వెలగబెట్టానో మాత్రం ఇన్నేళ్ళూ మా ఆయనకు కూడా చెప్పలేదు.

కాలువ నీళ్ళు రాని ఆ ఏడు మేమిద్దరం హైదరాబాదు పోయి ఆ మైదానంలో కూలికి కుదిరాం. ఆయన నీళ్ళు పెట్టేవాడు, నేను కలుపు తీసేదాన్ని. వెనకే రేకుల గది ఇచ్చారు, పని పోతే గది కూడా పోయినట్టే, అప్పటికి నాకు ఎనిమిదో నెల. ఆట మీదే బతికేవాళ్ళ పోటీ అది. ఆఖరి రోజు పొద్దున్నే మేస్త్రి నన్ను బంతి పడాల్సిన చివరి గుంట జెండా చుట్టూ తుంగ ఏరమని, ఏమన్న గడ్‌బడ్ అయితే ఆలుమగలు ఇద్దరు సంచి సర్దుకోవాలె అన్నాడు.

వరి మడిలో కలుపు తీసినవాళ్ళకు తెలుసు, పీకిన గడ్డిని ఉండచుట్టి మడమతో బురదలోకి తొక్కేస్తాం, అక్కడే కుళ్ళి ఎరువవుతుందని. నా పాడు కాలికి అదే అలవాటు. నీళ్ళు తాగి మెత్తబడ్డ ఆ నేలలో పీకుతూ, తొక్కుతూ పోయి, వెనక్కి చూసుకుంటే అన్నీ మడమ సొట్టలే! గబగబా మట్టి తెచ్చి పూడ్చాను. ఒకటి మిగిలిందని ఆటగాళ్ళు ఆఖరి జెండా దగ్గరకు వచ్చాకే కంటబడింది.

ఆటలో ఇద్దరు సమానంగా ఉన్నారు. చెబితే సంచి సర్దుకోవాలి, చెప్పకపోతే ఎవరి నోటి కూడో పోతుంది. తాడవతల కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను, చెప్పలేదు. ఒక బక్కపలచటి మనిషి బంతిని మెల్లగా తోశాడు. తిన్నగా గుంటవైపు పోతున్నది కాస్తా నా సొట్టలో తూలి, పక్కకు జరిగి ఆగిపోయింది. రెండో అతను గెలిచాడు. ఓడినతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ సొట్టను వేలితో తడిమేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. తలెత్తి మేస్త్రిని చూశాడు, నిండు కడుపుతో ఉన్న నన్ను చూశాడు. ఏమనుకున్నాడో, అరచేత్తో నేలను సమం చేసి లేచి, నా చెయ్యే వణికింది తీయ్ అని పక్కవాడితో అంటూ వెళ్ళిపోయాడు.

మా పని పోలేదు, పెద్దోడు ఆ రేకుల కిందే పుట్టాడు. ఇప్పుడు మా పొలాల్లో కలుపు మందు కొడుతున్నారు, నడుం వంచేవాళ్ళే లేరు, మడమతో తొక్కడమంటే ఏందని అడుగుతుంది మా కోడలు. టీవీలో గెలిచినవాళ్ళ పేర్లన్నీ చదివారు. ఓడినవాళ్ళ పేర్లు ఎవరికి కావాలి? ఆనాడు నా భయమంతా నా ఇంటి గురించే. ఈ వయసులో పట్టుకున్న భయం వేరు. ఆ మనిషి ఆ సాయంత్రం ఇంటికి పోయి, గుమ్మంలో ఎదురుచూస్తున్న వాళ్ళకు ఏం చెప్పాడో!