సీనియర్‌కు తక్కువ, జూనియర్‌కు ఎక్కువ

ఆమె నాకంటే కొన్ని నెలలు ముందు ఉద్యోగంలో చేరింది. వయసులో కూడా పెద్దది కాబట్టి మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచాను. ఆమె నన్ను చెల్లె అనేది. శంషాబాద్ దగ్గర ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇద్దరం నర్సమ్మలం. సాతంరాయి నుంచి జల్‌పల్లి దాకా మేం సూది వెయ్యని పసిపిల్లలు ఉండరు. నా మొదటి కాన్పు అప్పుడు నొప్పులు తట్టుకోలేక నేను ఆమె చేతిని గోళ్లతో రక్కితే, ఆ గీతలు చాలా రోజులు అలాగే ఉన్నాయి. ఎవరైనా అడిగితే పిల్లి గీరిందని చెప్పింది.

అక్కది మైలార్‌దేవ్‌పల్లి. ఆదివారం చర్చి, మిగతా రోజులు డ్యూటీ. ఆమె భర్త కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైపోయి ఇంట్లో పడ్డాడు. ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచేది. మాదీ అంతే. మా బాపు సేద్యం చేసిన చెలకలు విమానాశ్రయం రోడ్ల కింద పోయాయి. వచ్చిన పైసలు అన్నదమ్ముల మధ్య పంపకాల్లో పోయాయి. నా భర్త వ్యాను నడిపేవాడు, కిరాయిలు ఉన్న రోజు ఉండేవి, లేని రోజు లేవు. నెల మొదట్లో జీతం పడ్డట్టు ఫోన్‌కు మెసేజ్ వస్తే ఇద్దరం ఒకే రకంగా ఊపిరి పీల్చుకునేవాళ్లం.

సర్కారు ఉద్యోగం చెయ్యనివాళ్లకు మా జీతాల లెక్క తెలియదు. ఏడాదికొకసారి ఇంక్రిమెంట్ కలుస్తుంది. ధరలు పెరిగితే డీఏ పెరగాలి, అది ఆలస్యంగా వస్తుంది. కొన్నేళ్లకొకసారి పీఆర్సీ అని జీతాల కమిషన్ వేసి అందరి స్కేళ్లూ మారుస్తారు. ప్రమోషన్ వస్తే కొత్త పోస్టు స్కేలులో జీతాన్ని మళ్లీ లెక్కకడతారు. ఇవి ఏది ముందు, ఏది వెనక వచ్చాయన్న దాన్నిబట్టి ఒకే పని చేసే ఇద్దరికి వేరువేరు జీతాలు రావచ్చు.

మాకు అదే జరిగింది. అక్క సీనియర్ కాబట్టి సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ ఆమెకే ముందు వచ్చింది. అప్పటికింకా పాత స్కేళ్లు. ఆ తర్వాత పీఆర్సీ అమలైంది. నాకు ప్రమోషన్ వచ్చేసరికి కొత్త స్కేళ్లు ఉన్నాయి. అదే ప్రమోషన్, అదే కుర్చీ. కానీ కొత్త స్కేలులో కట్టడం వల్ల నా మూల వేతనం అక్కదానికంటే ఎక్కువైంది. అప్పుడు ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఒకరి జీతం చీటీ ఒకరం చూసుకునే అలవాటు లేదు.

తెలిసింది ఒక ఉద్యోగుల సంఘం మీటింగులో. సంఘం నాయకుడొకాయన ఇలాంటి కేసులే వివరిస్తుంటే అక్క నా వైపు చూసింది. బయటికి వచ్చాక, చెట్టు కింద చాయ్ తాగుతూ, నీ బేసిక్ ఎంత చెల్లె అని మామూలుగా అడిగింది. చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టింది. కోపం లేదు. ఏదో లెక్క తప్పినట్టు మొహం పెట్టింది.

సీనియర్ జీతం జూనియర్‌కంటే తక్కువైతే, సీనియర్‌ది జూనియర్‌ దాకా పెంచే పద్ధతి ఒకటి ఉందని ఆ సంఘం ఆయనే చెప్పాడు. దరఖాస్తు పెట్టుకోవాలి. జూనియర్ వివరాలు జతచెయ్యాలి. అక్కకు రిటైర్మెంటు దగ్గరపడుతోంది. చివరి నెల మూల వేతనం మీదే పెన్షన్ కడతారు. ఇప్పుడు తక్కువుంటే బతికినన్నాళ్లూ తక్కువే. ఆమె మరుసటి రోజు పొద్దున నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీ జీతం చీటీ జిరాక్సు ఒకటి ఇస్తవా? నీది తగ్గియ్యమని కాదు. నాది నీ అంత చెయ్యమని."

"ఇస్త అక్కా. గదేం మాట" అన్నాను.

ఆ రోజే ఇచ్చాను. కావాల్సిన చోట సంతకం కూడా పెట్టాను. ఆమెకు రావాల్సిందే కదా అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

జిల్లా ఆఫీసు వాళ్లు ఇద్దరి సర్వీసు రిజిస్టర్లూ తెప్పించుకున్నారు. నెలలు గడిచాయి. అక్క అప్పుడప్పుడు సెలవు పెట్టి వెళ్లి అడిగి వచ్చేది. ఫైలు నడుస్తోందని చెప్పేవారు. ఆమె ఇంట్లో ఆక్సిజన్ మిషను కొనాలని మాట నడుస్తుండేది. పెరిగిన జీతం పాత బకాయిలతో కలిపి వస్తే దానికి సరిపోతుందని నాతో అంది. అలా ముందే ఖర్చు పెట్టుకోవద్దని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆఫీసు నుంచి మొదటి కాగితం అక్కకు రాలేదు, నాకు వచ్చింది.

ప్రమోషన్ వచ్చినప్పుడు కొత్త జీతాన్ని ఆ రోజు నుంచే కట్టాలో, తర్వాతి ఇంక్రిమెంటు నుంచి కట్టాలో ఉద్యోగి రాసివ్వాలి. దానికొక గడువు ఉంటుంది. నేను ఇచ్చాను. కానీ ఆ కాగితం మీద ఆఫీసు ముద్ర గడువు దాటాక పడింది. నేను ఇచ్చిన రోజుకూ ముద్ర పడిన రోజుకూ మధ్య అది ఎవరి బల్ల మీద ఉందో అడిగేవాళ్లు లేరు. గడువు దాటింది కాబట్టి అది చెల్లదని, దాన్నిబట్టి నా జీతం కట్టడమే తప్పని తేల్చారు. మళ్లీ కట్టారు. అది తగ్గి తగ్గి సరిగ్గా అక్క జీతం దగ్గరికి వచ్చి ఆగింది. ఇన్నేళ్లూ ఎక్కువ తీసుకున్నదంతా నెలనెలా జీతంలో కోస్తామని కింద రాశారు. ఇద్దరి జీతాలూ సమానమయ్యాయి కాబట్టి అక్క దరఖాస్తును పరిశీలించే అవసరం లేదని ఇంకో కాగితం ఆమెకు పోయింది.

కాగితాన్ని రెండుసార్లు చదివాను. టీకాల గది బయట తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. లోపలికి వెళ్లి ఐస్ డబ్బా తెరిచి పని మొదలుపెట్టాను. పిల్లలు ఏడుస్తుంటే ఆ ఏడుపు నాకు దూరం నుంచి వినపడినట్టుంది. పక్క బల్ల దగ్గర అక్క పేర్లు రాస్తోంది. ఆమె కాగితం ఇంకా చేరలేదు, ఆమెకు సంగతి తెలియదు. మధ్యాహ్నం చెప్పాను. తింటున్న అన్నం డబ్బాకు మూత పెట్టేసింది.

ఇంట్లో నా భర్త అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఇంటి లోను కిస్తీ ఎట్ల కడతం?" అని మాత్రం అడిగి, వ్యాను కడగడానికి బయటికి పోయాడు. కడిగిందే చాలాసేపు కడిగాడు. ఆ నెల నుంచి పాలవాడి దగ్గర ఒక ప్యాకెట్ మానేశాం. పిల్లకు ట్యూషన్ మానిపించాం. చిన్న చిన్నవే.

కాగితం వచ్చిన వారంలోనే అక్క నన్ను వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకు పోయింది. నేను వద్దన్నా వినలేదు. జీతాల సెక్షన్ చూసే గుమస్తా ఒక నడివయసు మనిషి, మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. అక్క కూర్చోలేదు. దరఖాస్తు వాపసు తీసుకుంటానని రాసిన కాగితం ఆయన ముందు పెట్టింది.

"నాకేం ఒద్దు సార్. నేను అడగనే లేదనుకోండ్రి. ఈమెది ఈమెకు పెట్టేయండ్రి."

ఆయన కాగితం చదివి మెల్లగా వెనక్కి జరిపాడు.

"నువ్వు వాపస్ తీసుకుంటవు అక్కా. కని మేం చూసినంక చూడనట్టు ఎట్లుంటం? రేపు ఆడిటోళ్లు మమ్మల్ని పట్టుకుంటరు."

"నేను ఆమెకు అన్యాయం చేసినట్టయితది సార్."

"నువ్వేం చేసినవు. రూల్ ప్రకారం అయింది. ఇద్దరికీ సమానమే అయింది గద."

ఆయన ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే మమ్మల్ని ఓదారుస్తున్నానని అనుకున్నాడు. అక్క అలాగే నిలబడి ఉంటే ఆమె భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. ఆ సంగతి నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అయినా జీతం పడ్డ రోజు, కోత పోగా మిగిలింది చూసినప్పుడు, ఆమె మొహమే గుర్తొచ్చేది. మరుసటి రోజు ఆమె పలకరిస్తే పొడిపొడిగా జవాబు చెప్పేదాన్ని. ఆమెకు అది తెలిసింది. ఇరవై ఏళ్లు పక్కన పనిచేసిన మనిషికి తెలియకుండా ఉంటుందా. మెల్లగా అన్నం వేరే వేళకు తినడం మొదలుపెట్టింది. ఫీల్డుకు వెళ్లే పని ఉంటే నేను ఒక ఊరు, ఆమె ఇంకో ఊరు పంచుకున్నాం. గొడవ లేదు, అలక లేదు. నేను ఎలా పిలవాలో తెలియక కొన్నిసార్లు అక్కా అనకుండానే మాట్లాడేదాన్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్ల చీరలోనే ఉంది. కోతలో సగం నెలనెలా తను ఇస్తానంది. నా భర్త గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన తీసుకొమ్మంటాడేమోనని నాకు భయం వేసింది, అనకపోతే బాగుండునని అనుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. నేను వద్దన్నాను. చాయ్ తాగి వెళ్లిపోయింది. గుమ్మం దాటాక తన కొంగుతో మొహం తుడుచుకోవడం కిటికీలోంచి కనపడింది.

కోత ఆపమని నేను అర్జీ పెట్టాను. కిందిస్థాయి ఉద్యోగుల దగ్గర ఇలా వసూలు చెయ్యకూడదని సంఘం ఆయన చెప్పాడు. ఫైలు పైకి పోయిందంటారు. పైకి అంటే ఎక్కడికో ఎవరూ చెప్పరు.

అక్క రిటైరైంది. దండ, శాలువా, డాక్టరు నాలుగు మంచి మాటలు. మాట్లాడమంటే లేచి, అందరూ బాగుండండి అని కూర్చుంది. పెన్షన్ పాత జీతం మీదే కట్టారు. కొన్ని నెలలకే ఆమె భర్త పోయాడు. మిషను కొన్నారో లేదో నేను అడగలేదు. సమాధుల దగ్గర మట్టి వేసి, ఆమె చేతులు పట్టుకున్నాను. చాలా చల్లగా ఉన్నాయి.

ఈ మధ్య కొత్త పీఆర్సీ గురించి మళ్లీ మాటలు నడుస్తున్నాయి. మొన్న మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. పెన్షన్‌వాళ్లకు కూడా పెరుగుతుందా అని అడిగింది. పెరగొచ్చు, ఎప్పుడో తెలియదని చెప్పాను. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. అవి అయిపోయినా ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.

"నీ కోత ఇంకా ఉన్నదా చెల్లె?"

"అయిపోయింది అక్కా" అన్నాను.

ఇంకా చాలా ఉంది. ఆమె నమ్మిందో లేదో తెలియదు. మంచిదైంది, ఉంటనే మరి, అని ఫోన్ పెట్టేసింది.