అత్తమ్మ సీడీ మీద పేరు

నాకు రాయడం రాదు. మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక మరిది దగ్గర నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే ఏమనుకోకండి. ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ఉండటమంటే దానికి గుడ్డ కప్పి ఉంచడం, చుట్టాలు వస్తే తీసి చూపించడం. నాందేడ్‌లో మా బట్టల దుకాణం మీది గదిలో మాకూ ఒకటి ఉండేది. రోజూ తుడిచేది నేనే కనుక దాని సంగతి నాకు తెలుసని ఇంట్లోవాళ్లు అనుకునేవారు (నేనూ అనుకునేదాన్ని).

మా అత్తమ్మ మంగళహారతులు బాగా పాడుతుంది. ధర్మాబాద్‌లో ఆవిడ ఆడబిడ్డ తన పాటలు క్యాసెట్ చేయించి వాడకట్టంతా వినిపించింది. ఇప్పుడు ఆ ఇంట్లోనే పూజ. "నేను సీడీ తెస్తున్న, దాని మీద నా పేరు సుత ఉంటది" అని అత్తమ్మ ఫోన్లో చెప్పేసింది. ఇక అది లేకుండా ఆ గడప ఎక్కడానికి లేదు. మరిది కొత్తగా తెచ్చిన డ్రైవు సీడీకి ఒకవైపు పాటలు ఎక్కించేది, తిరగేసి పెడితే రెండో వైపు పేరు చెక్కేది. ప్రయాణం నాటి పొద్దున పాటలు ఎక్కాయి. సీడీ బయటికి రాగానే అత్తమ్మ దాని నడిమధ్య, రంధ్రం చుట్టూ, కుంకుమ పెట్టింది. కొత్త వస్తువు కదా.

తిరగేసి పెట్టాం. ఇది పేరు చెక్కే సీడీయే కాదంది కంప్యూటర్. మరిది వైర్లు పీకి మళ్లీ పెట్టాడు, బంద్ చేసి చాలూ చేశాడు. నేను ఇంకోసారి తుడిచాను. "సీడీనే ఖరాబున్నది వదినా" అని అతను కొత్తది తీశాడు. "దానికి బొట్టు చిన్నగైంది" అని అత్తమ్మ దీనికి పెద్దది పెట్టింది. ఇదీ నడవలేదు. తర్వాతి దానికి ఇంకా పెద్దది. చివరికి డ్రైవు తెరిస్తే దాని పళ్లెం పాన్ నమిలిన నాలుకలా ఎర్రగా బయటికొచ్చింది. సీడీ నడుమ ఉండే సన్నటి గీతలు చూసే అది తన సీడీని గుర్తుపడుతుందని మరిదికి అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కంప్యూటర్‌కు చెప్పడం సులువే.

"నువ్వే చెప్పు వదినా, నన్నైతే కొడ్తది."

"అత్తమ్మా, దీనికి బొట్టు పెడితే నడవదట" అన్నాను.

"ఎవలన్నరు?"

"డబ్బా మీద రాసున్నది" అన్నాడు మరిది (అలా ఏమీ రాసి లేదు).

"బొట్టు లేకుండ ఆడబిడ్డ ఇంటికి ఎట్ల తీస్కపోవాలె? ఏమంటరు నన్ను?" అని అత్తమ్మ ఆ కుంకుమ తీసుకెళ్లి కంప్యూటర్‌కే పెట్టింది. "చెక్కమను ఇగ."

బొట్టు లేని కొత్త సీడీ మీద పేరు వచ్చింది. బూడిద రంగు అక్షరాలు, వెలుతురుకు వంచితేనే కనిపిస్తాయి. అత్తమ్మ స్టేషన్ దాకా వంచి చూసుకుంటూనే వచ్చింది. ఆవిడను ఎక్కించి, రైలు కదిలాక మరిది అడిగాడు.

"వదినా, పాటలు మొదటి దాంట్ల ఉన్నయి గదా?"

ఆవిడ తిరిగొచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. వచ్చాక చెంబుతో నీళ్లిచ్చి తలుపు పక్కన నిలబడ్డాను.

"పెట్టిండ్రు. ఏం మాట్లాడలే అది. నా ఆడబిడ్డ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది" అంది అత్తమ్మ.

"అయ్యో, ఎట్ల మరి?"

"ఎట్లేంది? అందరు సీడీ పట్టుకొని పేరు చదివిండ్రు. పేరున్నామె ఈడనే ఉన్నది గదా, పాడుమన్నరు. దీపాలు పెట్టేదాక పాడిన." నీళ్లు తాగి, చెంబు నా చేతికిచ్చింది. "ఇంకో నాలుగు చెయ్యిండ్రి. పాటలొద్దు. పేరు సాలు."

చేశాం. ఇప్పటి కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటే లేదు. ఆ ఖాళీ సీడీల మీద పేరు వంకర పోకూడదని ఊపిరి బిగబట్టి కూర్చున్న కొత్త కోడలు గుర్తొస్తే, ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. ఇందులో తప్పులుంటే మీ ఇంటి పిల్ల రాసిందనుకుని మన్నించండి.