బుధవారం కథ

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. అన్నం తింటున్నప్పుడో, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడో ఉన్నట్టుండి పైకి వస్తుంది. మింగేస్తాను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు నాది. అందులో కూడా ఇది రాయలేదు. ఆ రోజు పేజీలో ఎండ ఎక్కువగా ఉందని రాసి మూసేశాను. ఎవరూ చదవని చోట కూడా మనిషి తన నుంచి తాను దాక్కోగలడని అప్పుడే తెలిసింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను సికింద్రాబాద్‌లో ఒక ఫైనాన్షియల్ అడ్వైజర్ ఆఫీసులో పనిచేస్తాను. మందుల షాపు మీద రెండు గదులు. జీతాల్లో మిగిలింది, రిటైరయ్యాక వచ్చింది ఎక్కడ దాచుకోవాలో కుటుంబాలకు మా సార్ చెబుతారు. ఆయనకు ఒక గట్టి నమ్మకం. "రోజూ కనిపించే మనిషినే జనం నమ్ముతరమ్మా. నాలుగు రోజులు కనిపించకపోతే మనం లేనట్టే" అనేవారు. అందుకని ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఆయన పేరు మీద రోజూ ఏదో ఒకటి రావాలి. ఆయనకు తీరిక లేదు. నాకేమో నలుగురిలో నోరు పెగలదు, ఫోనెత్తినా గొంతు సన్నబడిపోతుంది, కానీ రాయమంటే రాస్తాను. అలా ఫోటో ఆయనది, వాక్యాలు నావి అయ్యాయి. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా రాసి పెట్టేదాన్ని. పొద్దున వాకింగ్ వేళకు ఒక్కొక్కటీ దానంతటదే వెళ్ళిపోయేది. సోమవారం పన్నుల సంగతి. శుక్రవారం ఇన్సూరెన్స్ మీద ప్రశ్నలు, జవాబులు. బుధవారం ఒక కథ.

బుధవారం కథంటే, ఎవరో ఒకరు ఎలా పొదుపు చేశారో, ఎందుకు చేశారో చెప్పేది. మొదట్లో అన్నీ కల్పించి రాశాను. చదివేవాళ్ళకు తెలిసిపోతుంది కదా. చదవకుండానే వేలితో పైకి తోసేసేవారు. "కథలు జెర సప్పగ ఉంటున్నయమ్మా" అన్నారు సార్ ఒకసారి. ఆ మాట నన్ను ఎంత కుట్టిందో ఆయనకు తెలియదు. ఇంట్లో ఎవరూ చూడకుండా అన్ని పుస్తకాలు చదివినదాన్ని. నాకు వచ్చిందే అదొక్కటి.

మౌలాలి నుంచి ఒక ఆంటీ వచ్చేది. పేరు రాయను. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆమె ఇంట్లో చీరలకు ఫాల్, పీకో కుట్టేది. ఆ డబ్బులు నెలనెలా తన పేరు మీద ఒక ఫండ్‌లో వేసేది. అందులో రహస్యం లేదు. పీకో పైసలు నువ్వే ఉంచుకో అని భర్తే అన్నాడట. ఫోన్లో చూసుకోవడం రాక, ఎంత అయిందో నన్ను అడగడానికి వచ్చేది. ఒకరోజు నా టేబుల్ కింద ఉన్న పుస్తకం చూసి, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అంది. నన్ను అప్పటిదాకా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అందులోని కథ చెప్పాను. సార్ పిలిచినా లేవకుండా వింది. తర్వాతి నెల వచ్చి, ఫండ్ సంగతి పక్కన పెట్టి, "ఇంతకు ఆ పిల్ల ఏమైంది?" అని అడిగింది.

అలా కొన్ని నెలలు నా పుస్తకాలు విన్నాక తన కథ చెప్పింది. భర్త మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. కానీ రిటైరైన దగ్గర్నుంచి కళ్ళద్దాలు ఏవి, రిమోట్ ఏది, చాయ్ ఏది అని ఒకటే పిలుపు. ఇంటి నిండా కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. పెళ్ళయినప్పటి నుంచి ఒక గదిలో తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చున్న రోజు లేదట. బొల్లారంలో చిన్న గది ఒకటి కిరాయికి తీసుకుని, కొన్ని నెలలు ఊరికే ఉండాలని ఆమె కోరిక. ఏం చేస్తారు ఆంటీ అక్కడ అంటే, "ఏం చెయ్య. కూసుంట" అంది. అప్పుడే ఒక తాళంకప్ప కూడా కొనిపెట్టుకుంది. కుట్టుమిషన్ సొరుగులో, దారపుకండెల కింద. ఇదేందని భర్త ఒకసారి అడిగితే, ట్రంకుపెట్టెకని చెప్పిందట.

"ఎవ్వరితోటి అనకు బిడ్డా. నవ్వుతరు."

నేను నవ్వలేదు. నాక్కూడా అలాంటి గది కావాలనిపించింది. కొంచెం అసూయ కూడా పడ్డాను.

ఆ ఆదివారం బుధవారం కథ దొరకలేదు. ఇక్కడి నుంచి నిదానంగా రాయాలి. నేను జాగ్రత్తపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మౌలాలిని ఉప్పల్ చేశాను. రైల్వేను బ్యాంకు చేశాను. ఫాల్‌ను జాకెట్లు చేశాను. తాళంకప్ప దగ్గర వేలు ఆగింది. భర్త అడిగాడన్న సంగతి గుర్తొచ్చింది. తీసేశాను. తీసేసి చదివితే కథలో ప్రాణం లేదు. మళ్ళీ పెట్టాను. సొరుగు, దారపుకండెలు, అన్నీ. పొరపాటున జరిగిందని ఎలా అనను? గుర్తుపడతారని తెలుసు. తెలిసి, నా వాక్యం బాగుండటం కోసం ఆమెను బయటపెట్టేశాను.

బుధవారం ఫోను ఆగలేదు. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో, మాకూ అలాంటి గది కావాలని రాశారు. "ఎవరమ్మా ఈమె?" అన్నారు సార్. కల్పించానన్నాను. ఆయన మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం నేను ఎంత సంతోషంగా ఉన్నానో తలుచుకుంటే, చేసిన పనికన్నా ఆ సంతోషానికే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆ పోస్టు తిరిగి తిరిగి వాళ్ళ కాలనీ గ్రూపులోకీ వెళ్ళింది. తర్వాతి వారం ఆమె భర్త, పెద్దకొడుకు ఆఫీసుకు వచ్చారు. వెనక ఆంటీ. కోపంగా వచ్చి ఉంటే బాగుండేది. నవ్వుతూ వచ్చారు.

"నమస్తే సార్. మా మేడమ్‌కు సపరేట్ బంగ్లా కావాల్నంట! ఇంట్ల ముచ్చట మాకే తెల్వదు, మీ ఫోన్ల చదివి తెలుసుకున్నం" అన్నాడు భర్త.

"తాళం ముందుగాల కొన్నది సార్, ఇల్లు తర్వాత చూస్తదంట" అన్నాడు కొడుకు.

సార్ నా వైపు ఒక్కసారి చూశారు. అందరి అనుభవాలూ కలిపి రాస్తాం లెండి అని ఆయనా నవ్వారు. ఇంట్లోనే స్టోర్‌రూం ఖాళీ చేయించి అమ్మకు గది చేస్తారట. రంగులకు, ఫ్యానుకు ఆమె ఫండ్ మొత్తం వెనక్కి తీస్తారట. ఆ ఫారం నేనే నింపాను. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోట ఆమె సంతకం చేసింది. తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక సార్ అన్నది ఒక్కటే: "పేర్లు లేవు కదా, ఫరవాలేదు."

కొన్నాళ్ళకు బ్యాంకు కాగితం ఏదో ఇవ్వడానికి ఆంటీ ఒక్కతే వచ్చింది. నా ముందు కూర్చుంది. చాలా మెల్లగా, కాదని చెప్తే బాగుండు అన్నట్టు అడిగింది.

"నువ్వు రాసినవా బిడ్డా?"

"లేదాంటీ. అన్నీ సారే రాస్తరు. మీ ఫైల్ చూసి ఉంటరు."

ఏ ఫైల్లో ఉంటుంది దారపుకండెల కింది తాళంకప్ప? ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకు వినపడింది. ఆమెకూ వినపడే ఉంటుంది.

"అట్లనా" అంది. తర్వాత, నేను అడగకుండానే, "గది మంచిగనే చేసిండ్రు. తలుపు మాత్రం ఏస్తలేను. ఏసిన్నంటే, రాణిగారు లోపలున్నరా అని పిల్లలతో సహా వచ్చి కొడ్తరు" అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ రోజు ఆమె నేనేం చదువుతున్నానో అడగలేదు. మళ్ళీ రాలేదు.

నా అబద్ధాన్ని నమ్మి వెళ్ళిందా? నమ్మకపోయినా, పిల్ల భయపడుతోందని వదిలేసి వెళ్ళిందా? రెండోదే అయి ఉంటుందని తోచిన రోజుల్లో నాకు అన్నం సహించదు. ఒకసారి మౌలాలి దాకా వెళ్ళాను. బస్సు దిగి, రోడ్డు దాటకుండా, ఎదురు బస్సెక్కి వచ్చేశాను. నోరు పెగలదనే నా పిరికితనాన్ని అందరూ మంచితనం అనుకుంటారు. నేనూ దాని చాటునే బతికాను. పొద్దున ఫోన్లలోకి వెళ్ళాల్సిన పోస్టు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. నామినీ పేరు ఎందుకు రాయాలి, అత్యవసరానికి ఎంత దాచుకోవాలి. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. బుధవారాలు కల్పించినవే రాస్తాను. సప్పగా ఉంటున్నాయంటే ఊరుకుంటాను.

ఇది రాస్తూ రెండుసార్లు ఆపేశాను. మళ్ళీ ఆమె కథనే కదా వాడుకుంటున్నాను? మళ్ళీ మంచి వాక్యం కోసమేనా? ఏమో. ఆమె కోరిక ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, ఆ కాలనీకీ తెలిసిపోయింది, నవ్వడం కూడా అయిపోయింది. ఇందులో ఇంకా ఎవరికీ తెలియనిది నా సంగతి ఒక్కటే మిగిలింది. ఆమె అడిగితే చెప్పనిది మీరు అడగకుండా చెబుతున్నాను. దీనితో ఆమెకు ఒరిగేదేమీ లేదు. తెలుసు.

అవునాంటీ. నేనే రాశాను.