తిట్టడానికి వేరే పేరు

శివలీల చదివింది కెమిస్ట్రీ, చెప్పేది ఇంగ్లీషు. పత్తికొండకు అవతల ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు సారు బదిలీ అయి వెళ్లిపోతే, "చిన్నదానివి, సర్దుకుంటావులేమ్మా" అంటూ హెడ్మాస్టరు ఏడో తరగతి పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు. ఏ ద్రావణంలో ఏది కలిపితే ఏ రంగు వస్తుందో ఆమెకు తెలుసు. నలభై ఒక్కమంది ఒకేసారి నోరు తెరిస్తే ఏం చేయాలో మాత్రం తెలియదు.

కర్నూలులో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. పిల్లల్ని పేరు పెట్టి పిలవండి, దగ్గరితనం దానంతటదే వస్తుందన్నారు. కడప టౌనులో పుట్టి పెరిగిన శివలీల వారం తిరిగేలోగా నలభై ఒక్క పేర్లూ బట్టీ పట్టింది.

అందరికంటే పెద్ద నోరు సుంకులమ్మది. పాఠంలో ప్రతి వాక్యానికీ పక్కవాళ్లకు ఒక వ్యాఖ్యానం చెప్పందే ఊరుకోదు. ఇంగ్లీషులో ఏదైనా అడిగితే తప్పో ఒప్పో ముందుగా లేచేదీ ఆ పిల్లే. ఒక సోమవారం శివలీలకు ఓపిక నశించింది.

"సుంకులమ్మా, సిగ్గులేదా నీకు? నోరు మూసుకో."

తరగతి మొత్తం చప్పున ఆగిపోయింది. ఫ్యాను కిర్రుమనడం వినబడింది. పేరుకు ఇంత బలముందా అని శివలీల లోలోపల సంబరపడింది. మంగళవారం అలాగే అంది, బుధవారమూ అంది. మూడుసార్లూ ఒకే ఫలితం వచ్చింది కనుక ప్రయోగం నెగ్గిందనుకుంది.

గురువారం సుంకులమ్మ రాలేదు. మిగతావాళ్లు వచ్చారు గానీ నోళ్లు వెంట తెచ్చుకోలేదు. పొద్దున ఏం తిన్నారో ఇంగ్లీషులో చెప్పమంటే హనుమేష్ లేచి కిటికీలోంచి బయటికి చూశాడు. శివాని ముక్కు తుడుచుకుంది. తాను కోరుకున్న నిశ్శబ్దమే ఇది. అయినా మాట నేర్పాల్సిన గదిలో మాటే లేకపోతే తనకేం పని? చేయి చేసుకోలేదు, బూతు మాట అనలేదు. మరి ఎక్కడ తప్పింది? రెండేళ్ల కూతురికి ఇంకా మాటలు సరిగా రావడం లేదని ఆమెకు ముందునుంచే గుబులు. ఎదుటివాళ్ల నోరు కట్టేసే గుణమేదో తనలోనే ఉందా అని కొత్త అనుమానం పట్టుకుంది.

శనివారం కూడా ఆ పిల్ల రాకపోయేసరికి సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది. తల్లి భీమమ్మ టమోటా కోత నుంచి అప్పుడే వచ్చి, చేతులకు పట్టిన పచ్చటి మరక పోవడానికి ఒక కాయ పిసికి రుద్దుకుంటోంది.

"రా మేడం, కూచో," అంది గానీ మొహం ఇటు తిప్పలేదు. "బిడ్డ రానంటాండాది. నేనేం చేద్దును?"

"నేను కొట్టలేదమ్మా. కావాలంటే అడగండి."

"కొడితే ఏమాయ? నేను కొట్టనా? అది మా ఊరమ్మ పేరు మేడం, గుళ్లో తల్లిది. మా అత్త పేరు గూడా అదే. ఆయమ్మ పోయి నాలుగేండ్లాయ. ఆ పేరు పట్టుకొని సిగ్గులేదా అంటివంట. మా అత్త బతికున్నప్పుడే నేను అంత మాట అనలేదు. అనాలని శానాసార్లు ఉండె, అది వేరే సంగతి."

లోపల ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి మీరు ఎట్లా తిడతారు?"

"తిట్టేదానికి వేరే పేరుండాది గదా. బుడ్డీ అంటాం. బుడ్డీని ఎంతయినా తిట్టు, నేనేమీ అనను. సుంకులమ్మను మాత్రం మంచిగా పిలువు."

"ఇద్దరూ ఒకటే కదమ్మా?"

భీమమ్మ ఆమెను జాలిగా చూసింది. "ఇంత చదివితివి. ఒకటి ఎట్లయితాది మేడం?"

ఆటోలో తిరిగి వస్తూ శివలీల హాజరుపట్టీని మనసులోనే మొదటినుంచి చివరిదాకా చదివింది. వీరభద్ర, హనుమేష్, ఓబులమ్మ. అన్నీ దేవుళ్ల పేర్లో, పోయిన అవ్వాతాతల పేర్లో. తిట్టదగిన పేరు ఒక్కటీ కనబడలేదు.

తల్లి ఏం చెప్పి పంపిందో గాని, సోమవారం సుంకులమ్మ వచ్చింది. వచ్చి గోడకు ఆనుకుని, పెదవులు బిగించి కూర్చుంది. శివలీల బోర్డు మీద ఒక వాక్యం రాసింది: ఎట్ హోమ్ దే స్కోల్డ్ మీ. తర్వాత ఖాళీ. ఆ ఖాళీ నింపి చెప్పమంది. ఇది దగ్గరితనమో, కొత్త తప్పో ఆమెకే తెలియదు.

చాలాసేపటికి వీరభద్ర లేచాడు. "ఎట్ హోమ్ దే స్కోల్డ్ మీ మొద్దోడు."

గది దద్దరిల్లింది. కోతి, గుండు, గయ్యాళి, దున్నపోతు అంటూ ఒక్కొక్కరే లేచారు. తమ పేరు తమకంటే ముందు ఇంకెవరైనా చెప్పేస్తారేమోనని తొందర కూడా పడ్డారు.

సుంకులమ్మ మాత్రం లేవలేదు. శివలీలా పిలవలేదు. పిలిస్తే ఏ పేరుతో పిలవాలో తేల్చుకోలేకపోయింది. ఇంక గంట కొడతారనగా ఆ పిల్ల తనంతట తానే లేచింది.

"మేడం, ఎట్ హోమ్ దే స్కోల్డ్ యూ వాట్?"

శివలీల తడబడింది. వాళ్లమ్మ కోపమొచ్చినా మురిపెమొచ్చినా ఒకే పేరుతో పిలిచేది.

"శివలీల," అంది.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సుంకులమ్మ నుదురు చిట్లించింది.

"నో అదర్ నేమ్?"

"నో."

"ఐ గివ్, మేడం," అంది ఆ పిల్ల, పుస్తకాలు సర్దుకుంటూ. "టుమారో ఐ కమింగ్. ఐ గివ్."