కెల్లర్‌లో తగ్గిపోతున్న సీసాలు

మా మామయ్యను నేను దొంగ అనుకున్నాను. పిల్లనిచ్చిన మామను అలా అనుకోవడం మర్యాద కాదని తెలుసు. అయినా అనుకున్నాను.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో, మొదటి లాక్‌డౌన్ నాటి మాట. కూతుర్ని చూసిపోదామని గుంటూరు నుంచి ఒక్కరే వచ్చిన మామయ్య, విమానాలు ఆగిపోయి మాతోనే ఉండిపోయారు. కొన్నాళ్లకే ముగ్గురం జ్వరంతో మంచమెక్కాం. నేనూ మా ఆవిడా తేరుకున్నాం, ఆయన మాత్రం చిక్కిపోతూ వచ్చారు. పెళ్లి భోజనానికి కూడా వంక పెట్టే మనిషి, కూతురు ఏం వండినా "బాగుందమ్మా" అని రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. ఏ పెద్ద జబ్బో దాస్తున్నారేమోనని మా ఆవిడ వంటింట్లో కళ్లు తుడుచుకునేది. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడమే మరిచిపోయింది. మొదటి ముద్దకే నా చెయ్యి ఆగిపోయింది. ఆయన "బ్రహ్మాండం" అన్నారు. ఈయన ఏదో నటిస్తున్నారని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

రెండో అనుమానం చెత్త దగ్గర మొదలైంది. తిన్న కంచం తీసి ఎరగని పెద్దమనిషి, రోజూ సాయంత్రం "చెత్త నేను పడేసొస్తానమ్మా" అంటూ సంచీ, తాళాలగుత్తీ పట్టుకుని దిగసాగారు. చెత్త డబ్బాలు పెరట్లో ఉంటాయి. ఆ దారిలోనే మా కెల్లర్, అంటే భవనం అడుగున సామాన్లు పెట్టుకోవడానికి మా వాటాకిచ్చిన గది. అందులో నేను ఒక పెట్టెడు బీరు దాచుకున్నాను. ఇక్కడి క్రైస్తవ మఠంలో సన్యాసులు కాచే నల్లటి స్ట్రాంగ్ బీరు.

మామయ్య ఎదుట తాగే ధైర్యం లేక, కిందికెళ్లి పాత సూట్‌కేసు మీద కూర్చుని తాగేవాణ్ణి. మొదట్లో మన అలవాటు కొద్దీ ఫ్రీజర్‌లో పెట్టి పాడుచేశాను. కెల్లర్ చలువ చాలు దానికి. గోధుమరంగు నురగ కింద, బెల్లం పాకం అడుగంటబోయే ముందు వచ్చే వాసన. ఆ వెనకే ఖర్జూరం, ఎండుద్రాక్ష. మింగాక నాలుక చివర నిలిచిపోయే చేదు, గుండెల్లో నెమ్మదిగా పాకే వెచ్చదనం. గటగటా తాగాలనిపించని ఒకే ఒక్క బీరు నాకు అదే.

ఆ సీసాలు తగ్గిపోతున్నాయి. అడుగుదామంటే, "ఏ సీసాలు?" అని ఎదురడిగితే నా పరువేం కాను? పక్కవాటావాళ్లను అనుమానించాను, తాళం లాగి చూశాను. చివరికి ఓ సాయంత్రం మామయ్య వెనకే దిగాను.

ఆయన నా సూట్‌కేసు మీదే కూర్చుని ఉన్నారు, చేతిలో సీసా. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూలబడ్డారు.

"దొరికిపోయా కదండీ అల్లుడు గారూ. మీరు మందుకి బాగా అలవాటు పడ్డారేమోనని నా అనుమానం. ఏం తాగుతున్నారో చూద్దామని ఒకటి తీశా." చేతిలో సీసా కేసి చూసుకున్నారు. "జొరమొచ్చిన కాడ్నుంచీ నోటికేం తెలియట్లా. గోంగూర తిన్నా తడి అట్టముక్క నమిలినట్టే ఉంటోంది. దీని చేదొక్కటే తగిలింది. నాలిక ఇంకా బతికే ఉందని ఇక్కడే కూర్చుని ఏడ్చా."

"మరి మీ అమ్మాయితో చెప్పలేదేం?"

"ఎట్టా చెప్పనండీ? పొద్దస్తమానం నా కోసమే పొయ్యి కాడ నిలబడుద్ది. నువ్వు చేసింది మట్టిలాగుందమ్మా అని చెప్పమంటారా?"

నా కోపం చల్లారిపోయింది, సిగ్గేసింది. నేనూ ఒక సీసా తీసి వాసన పీల్చి చెప్పాను. పాకం, ఖర్జూరం, ఎండుద్రాక్ష. ఆయన కళ్లు మూసుకుని, ఒక్కో పేరుకూ ఒక్కో చిన్న గుక్క వేశారు. "చేదే. అయినా బాగుందండీ" అన్నారు. మామా అల్లుళ్లం కలిసి తాగడం అదే మొదలు.

సోంపు నములుతూ పైకొచ్చేసరికి మా ఆవిడ వడ్డిస్తోంది. "పులుసు ఎలా ఉంది నాన్నా?" అంది.

మామయ్య ముద్ద మింగి, నా ముఖంలోకి చూశారు. ఆవిడ చూడకుండా నేను ఒక కన్ను మూసి పళ్లు బిగించాను.

"పులుపెక్కువైందమ్మా" అన్నారాయన.

మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఏడుపూ నవ్వూ కలిసిపోయి, "వంక పెట్టావు నాన్నా! హమ్మయ్య, నీకు తగ్గిపోయింది" అంది.

మామయ్య ఇంకాస్త పులుసు వెయ్యమని కంచం ముందుకు జరిపారు.