నూకాలు రాసిన పోలిక

జాలరిపేట నూకాలుకి ముప్పయ్యేళ్ళొచ్చినా తెల్లకాగితం ముందు కూర్చుంటే అరచేతులు చెమటలు పట్టేవి. ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పేది. ఉద్యోగం పర్మనెంటు కావాలంటే కోచింగ్ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలన్నారు. అందుకని సాయంత్రాలు ద్వారకా నగర్‌లో క్లాసులకెళ్ళేది. అక్కడ ఫ్లోరా మేడమ్ ఒకరోజు, "ఇద్దరు క్రీడాకారుల్ని పోలుస్తూ వ్యాసం రాయండి. ఎక్కడ కలిశారు, ఎక్కడ తేడా పడ్డారు, ఎందుకు? శనివారం అందరి ముందూ చదవాలి" అంది.

నూకాలు ఫోన్లో వెతికి పేరున్న ఆటగాళ్ళిద్దరి సంగతి కాగితమ్మీదికి ఎక్కించి పట్టుకెళ్ళింది. మేడమ్ రెండు లైన్లు చూసి తిరిగిచ్చేసింది.

"వీళ్ళని నువ్వెప్పుడైనా చూశావా నూకాలూ? నీ కళ్ళతో చూసినవాళ్ళ గురించి రాయి."

కళ్ళతో చూసినవాళ్ళంటే తనొకతె, మల్కాపురం అక్సా ఒకతె.

పదహారేళ్ళప్పుడు ఇద్దరూ ఒకే గ్రౌండులో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేవారు. రాష్ట్ర పోటీల పొద్దున కోచ్ అర్జునరావు చెరో తెల్లమాత్ర చేతిలో పెట్టి, "బలానికమ్మా, మింగండి" అన్నాడు.

"దీని పేరేటి సార్?" అంది అక్సా.

ఆయన మొహం ఎర్రబడింది. ఆ మొహం చూసి నూకాలు గుటుక్కున మింగేసింది. అక్సా మాత్రం కింద పెట్టేసింది. ఆ రోజే ఆమెను జట్టులోంచి తీసేశారు. నూకాలుకి వెండి పతకం వచ్చింది. పతకం మెళ్ళో పడ్డాక కూడా గుండెదడ ఆగలేదు. స్టాండు వెనక గోడకి చేరబడి, చచ్చిపోతానేమో, అమ్మకి కబురెవరు చెప్తారో అనుకుంటూ గంటసేపు వణికింది. అది ఉత్త బలం మాత్ర కాదని అప్పుడే అర్థమైంది, కానీ ఎవరికీ చెప్పలేదు. తరవాత ఆ పతకం చూపించే స్కూల్లో ఉద్యోగం తెచ్చుకుంది.

ఇప్పుడిది రాస్తే? ఉన్న ఉద్యోగం ఊడుతుంది. పేటలో తలవంపులు. గంప దించిన ప్రతి గుమ్మంలోనూ "మా నూకాలు ఎండి బిళ్ళ గెల్సిందమ్మా" అంటూ చేపలమ్మే తల్లి సీతాలుకి ఏం చెప్పాలి? రెండ్రోజులు అన్నం సయించలేదు. స్కూల్లో విజిల్ ఊదబోతే నోరెండిపోయేది.

శుక్రవారం ధైర్యం చేసి అక్సా ఇంటికెళ్ళింది, పద్నాలుగేళ్ళ తరవాత. అక్సా ఇప్పుడు ఒక క్లినిక్కులో నర్సు.

"ఏటే, ఇలాగొచ్చావు? మొహమేటలా పాలిపోయింది?"

నూకాలు ఉన్నదంతా చెప్పింది. "నీ పేరు రాత్తానే. నువ్వు దైర్యంగా నిలబడ్డావు, నాను పిరికిదాన్నయిపోనాను. అదే తేడా అని రాత్తాను."

అక్సా తల అడ్డంగా ఊపింది. "దైర్యమేటే? సిన్నప్పుడు జొరానికి ఏదో మాత్రేత్తే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి, ఊపిరాడక సచ్చి బతికాను. పేరు తెలీని మాత్రంటే అప్పట్నించీ నాకు వణుకు. నువ్వు సార్‌కి బయపడ్డావు, నాను మాత్రకి బయపడ్డాను. ఇంటికొచ్చి నెల్లాళ్ళు ఏడిసాను, నాను కూడా మింగేసుంటే బాగుణ్ణని."

నూకాలు ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసింది. శనివారం క్లాసులో లేచి చదవసాగింది. తన పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది.

ఫ్లోరా మేడమ్ మార్కుల మాటెత్తలేదు. "ఆ కోచ్ ఇంకా పిల్లలకి నేర్పుతున్నాడా?" అని అడిగింది.

ఇన్నాళ్ళూ నూకాలు తన గురించే హడలిపోయింది, ఆ పిల్లల ఆలోచనే రాలేదు.

"నేర్పుతన్నారు మేడమ్. ముప్పైమంది దాకా ఆడపిల్లలు."

సోమవారం నూకాలూ అక్సా కూర్చుని క్రీడాసంఘానికి ఫిర్యాదు రాశారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. పతకం తాలూకు సర్టిఫికెట్టు కూడా నూకాలు దానికి జతచేసింది. ఆ మధ్యాహ్నమే తల్లికి చెప్పేసింది. సీతాలు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆ పొద్దు నీకేటైనా అయిపోయుంటే ఎలాగే?" అంది.

విచారణకి రమ్మని కాగితమొచ్చింది. అది తేలేదాకా అర్జునరావుని గ్రౌండుకి రావద్దన్నారు. సంగతి తెలిసినా స్కూలువాళ్ళు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. ఆఫీసు ప్యూను తన వైపు నడిచొస్తే చాలు, ఉద్యోగం తీసేసిన కాగితమేమోనని నూకాలుకి గుండె జారిపోతోంది.